సుదీర్ఘ ప్రసవం, ఆ తరువాతి స్త్రీ ఆరోగ్యం
(తల్లుల ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



శస్త్రచికిత్స లేకుండా జరిగిన కాన్పును తమిళంలో ‘సుగప్పిరసవం’ అంటారు. ఈ ప్రాంతపు తెలుగు ఇండ్లలో దానినే ‘మామూలు కాన్పు’ అంటారు. రెండూ మంచి మాటలే. అయితే ఈ మాటలలో ఒక లోటు ఉన్నది. ఆరు గంటలలో ముగిసిన కాన్పు, ఒక పగలూ ఒక రాత్రీ సాగిన కాన్పు, రెండూ ఇంటివారి నోట ఒకే పేరుతో మిగిలిపోతాయి. సిజేరియన్ అయిన తల్లికి కడుపు మీద కుట్టు కనబడుతుంది కనుక బరువెత్తవద్దని ఇంటిల్లిపాదీ చెప్తారు. మామూలు కాన్పు అయిన తల్లికి ఏ కుట్టూ పైకి కనబడదు. ఆమె ఎన్ని గంటలు నొప్పులు పడినదో పది రోజులు గడిచేసరికి ఎవరికీ గుర్తుండదు. ఆ గంటలను ఆమె శరీరం మాత్రం గుర్తుంచుకొనే అవకాశం ఉన్నది. నేటి ప్రసంగ విషయం అదే.

కాన్పు వేళ స్త్రీ పడే కష్టం వైద్య చరిత్రను మలుపు తిప్పిన ప్రాంతం ఇది. 1890ల తొలినాళ్ళలో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలకు కాన్పు కష్టమైనది. వారి ఇండ్లవారు ఒకరి తరువాత ఒకరుగా వచ్చి మిషనరీ వైద్యుడు జాన్ స్కడర్ ఇంటి తలుపు తట్టారు. పురుష వైద్యుని చేత చూపించుటకు ఇష్టపడక, ఆయన కుమార్తె ఐడాను పంపమని కోరారు. ఆమెకు అప్పటికి వైద్యం తెలియదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ మరణించారు. ఆ సంఘటనతో ఐడా స్కడర్ అమెరికాకు వెళ్ళి 1899లో వైద్యవిద్య పూర్తిచేసి, 1900లో వేలూరుకు తిరిగి వచ్చారు. 1902లో స్త్రీల కొరకు షెల్ ఆసుపత్రి, 1918లో స్త్రీల వైద్య పాఠశాల ఏర్పడినవి. వేలూరు నుండి గుడియాత్తం వెళ్ళే దారి పొడవునా చెట్ల నీడన ఆగి ఆగి ఆమె రోగులను చూసేవారు. తిరుపత్తూరులో 1921లో ఇద్దరు వైద్యులు, సవరిరాయన్ జేసుదాసన్, ఎర్నెస్ట్ ఫారెస్టర్ పేటన్, క్రీస్తుకుల ఆశ్రమాన్ని స్థాపించి వైద్యసేవ చేశారు.

ఆనాటి పోరాటం తల్లి ప్రాణాన్ని నిలుపుకొనుటకు. నేడు ఆ పోరాటంలో చాలా భాగం గెలిచాము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో 99 శాతానికి మించిన కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నవి. కనుక ఇప్పుడు రెండవ ప్రశ్న అడుగవలసి ఉన్నది. బ్రతికి ఇల్లు చేరిన తల్లి ఆ తరువాత నలభై ఏళ్ళు ఎట్లు బ్రతుకుతున్నది?

కటితలం అంటే ఏమిటి?

నడుము కింది ఎముకలు ఒక గిన్నె ఆకారంలో ఉంటాయి. ఆ గిన్నెకు అడుగు ఎముకతో కాక కండరాలతో ఏర్పడి ఉన్నది. ముందున్న జఘనాస్థి నుండి వెనుకనున్న తోకఎముక వరకు ఊయల గుడ్డవలె పరచుకొన్న ఆ కండరాల పొరనే కటితలం అనవచ్చును. వైద్యులు పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం దాని ఆసరాతోనే స్థానంలో నిలుస్తాయి. మూత్రద్వారం, యోని, మలద్వారం దాని గుండానే వెలుపలికి తెరుచుకుంటాయి. దగ్గినపుడు, తుమ్మినపుడు, నీళ్ళ బిందె ఎత్తినపుడు ఆ కండరాలు మనకు తెలియకుండానే బిగిసి ఆ ద్వారాలను మూసి ఉంచుతాయి.

బిడ్డ పుట్టవలెనంటే తల ఈ పొర నడుమ నుండి రావలసినదే. ఆ కండరాలలో లోపలి అంచున ఉన్న భాగం ప్రసవ సమయంలో తన మామూలు పొడవుకు మూడు రెట్లకు పైగా సాగుతుందని 2004లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు. శరీరంలోని మరే కండరానికీ సామాన్యంగా ఇంత పరీక్ష రాదు. గర్భంతో ఉన్నప్పుడు దేహంలో కలిగే మార్పుల వలన ఈ కండరాలు మెత్తబడి సాగే శక్తిని పొందుతాయి. అందుచేతనే చాలామంది తల్లులు కొన్ని నెలలలో పూర్వస్థితికి వస్తారు.

ఎన్ని గంటలైతే సుదీర్ఘం?

ఇంటివారు మొదటి నొప్పి వచ్చిన క్షణం నుండి గంటలు లెక్కపెడతారు. వైద్యుల లెక్క వేరు. మొదట వచ్చే నొప్పులు ఆగి ఆగి వస్తూ ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా సాగుతాయి. ఆ దశకు ఇన్ని గంటలని నియమం లేదు. గర్భసంచి ముఖద్వారం ఐదు సెంటీమీటర్లు తెరుచుకొన్న తరువాత అసలు దశ మొదలవుతుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం ఈ దశ తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలకు, తరువాతి కాన్పులలో 10 గంటలకు మించదు. ముఖద్వారం పూర్తిగా తెరుచుకొన్న తరువాత బిడ్డ వెలుపలికి వచ్చే దశ తొలి కాన్పులో 3 గంటలలోపు, తరువాతి కాన్పులలో 2 గంటలలోపు సాధారణంగా ముగుస్తుంది. కటితలానికి ఎక్కువ పరీక్ష పెట్టేది ఈ చివరి దశయే. బిడ్డ తల కండరాల మీద, నరాల మీద ఒత్తుకొని నిలిచేది అప్పుడే.

ఆ ఒత్తిడి వలన మూడు విధాల హాని కలుగవచ్చును.

మొదటిది కండరానికి. అది అతిగా సాగి పట్టు సడలవచ్చును, కొన్నిసార్లు ఎముక నుండి ఊడిపోవచ్చును. పట్టుకారు వంటి ఫోర్సెప్స్‌తో బిడ్డను తీయవలసి వచ్చినపుడు ఈ ప్రమాదం ఎక్కువ.

రెండవది నరానికి. కటితల కండరాలకు ఆజ్ఞలు మోసే నరం కటి ఎముకల పక్కగా వస్తుంది. గంటల తరబడి నొక్కుకుపోయి సాగినపుడు అది దెబ్బతింటుంది. 1990లో ఇంగ్లండులో తొలిచూలు తల్లులను కాన్పుకు ముందూ తరువాతా పరీక్షించిన ఒక అధ్యయనంలో, ఎక్కువసేపు ముక్కవలసి వచ్చినవారిలోనూ, బరువైన బిడ్డలను కన్నవారిలోనూ నరాలు ఎక్కువగా దెబ్బతిన్న ఆనవాళ్ళు కనబడినవి. నరం తిరిగి కోలుకొనగలదు గాని అందుకు నెలలు పడుతుంది.

మూడవది మెత్తని కణజాలానికి. బిడ్డ తల దారిలో ఇరుక్కొని, సహాయం అందక ఒకటి రెండు రోజులు అట్లే ఉండిపోతే, తలకూ ఎముకకూ నడుమ నలిగిన భాగానికి రక్తప్రసారం ఆగి అది చచ్చిపోతుంది. కొద్ది రోజులకు ఆ భాగం ఊడి, మూత్రాశయానికీ యోనికీ నడుమ రంధ్రం ఏర్పడుతుంది. దీనిని ఫిస్టులా అంటారు. మూత్రం రేయింబవళ్ళు కారుతూనే ఉంటుంది. సకాలంలో సిజేరియన్ అందే చోట ఇది అరుదు. అయినా ప్రపంచం నుండి పూర్తిగా పోలేదు. ఇథియోపియాలోని అడిస్ అబాబాలో 1974లో కేథరిన్ హామ్లిన్, ఆమె భర్త రెజినాల్డ్ ఈ ఒక్క బాధ కొరకే ఆసుపత్రిని నెలకొల్పి వేలమంది స్త్రీలకు చికిత్స అందించారు. ప్రతి సంవత్సరం మే 23ను ఐక్యరాజ్య సమితి ఈ బాధను అంతం చేసే దినంగా పాటిస్తున్నది.

ఇచ్చట ఒక మాట స్పష్టం చేయవలెను. సుదీర్ఘ ప్రసవం అయిన ప్రతి తల్లికీ హాని జరుగదు. హాని జరిగిన ప్రతి తల్లికీ కారణం ప్రసవ కాలమొక్కటే కాదు. బిడ్డ బరువు, ఫోర్సెప్స్ వాడకం, కాన్పుల సంఖ్య, తీరని దగ్గు, మలబద్ధకం, బరువులు మోయడం, ముట్లుడిగిన తరువాత కణజాలం సడలడం, ఇవన్నీ కలుస్తాయి. తొలి కాన్పునాటి గాయం ఇరవై ఏళ్ళ తరువాత గర్భసంచి జారడంగా బయటపడవచ్చును. అప్పుడు దానిని వయసు మీద వేసి ఊరకుంటారు.

అట్లని సిజేరియన్ అడిగి చేయించుకొనుట పరిష్కారమా? 2018లో అమెరికాలోని మేరీల్యాండ్ ప్రాంతంలో 1,500 మందికి పైగా తల్లులను ఏళ్ళ తరబడి గమనించి వెలువరించిన అధ్యయనంలో, సిజేరియన్ అయినవారిలో మూత్రం జారడం, అవయవాలు జారడం తక్కువగానూ, పరికరాలతో కాన్పు అయినవారిలో ఎక్కువగానూ కనబడినది. కాని సిజేరియన్‌కు దాని సొంత ప్రమాదాలు ఉన్నవి. రక్తస్రావం, కుట్టు చీము పట్టడం, తరువాతి కాన్పులో మాయ పాతకుట్టుకు అంటుకొనడం వాటిలో కొన్ని. తొమ్మిది నెలలు బిడ్డను మోసిన బరువు కూడా కటితలం మీదనే పడుతుంది గనుక సిజేరియన్ పూర్తి రక్షణ ఇవ్వదు. ఇప్పటికే తమిళనాడులో సుమారు 45 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరుగుతున్నట్లు అదే జాతీయ సర్వే చెప్తున్నది. కావలసినది భయంతో కోయించుకొనుట కాదు. ప్రసవాన్ని శ్రద్ధగా కనిపెట్టుట.

పురిటి గదిలో

ఆ కనిపెట్టుటకు ఒక సాధనం ఉన్నది. 1972లో నాటి రొడీషియాలో ఫిల్‌పాట్, కాసిల్ అనే వైద్యులు ప్రసవం ఎట్లు సాగుతున్నదో గీతలతో చూపే పటాన్ని మంత్రసానుల కొరకు రూపొందించారు. దాని పేరు పార్టోగ్రాఫ్. గీత ఒక హద్దు దాటితే తల్లిని పెద్ద ఆసుపత్రికి పంపవలెనని చదువు తక్కువైన చోట కూడా అర్థమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండోనేషియా, మలేషియా, థాయిలాండ్ దేశాలలో 35 వేలకు పైగా కాన్పులపై దీనిని పరీక్షించి 1994లో ఫలితాలు ప్రకటించినది. 18 గంటలకు మించిన ప్రసవాలు 6.4 శాతం నుండి 3.4 శాతానికి తగ్గినవి. ఒక కాగితం, ఒక కలం, ఓపికగల నర్సు సాధించిన మేలు ఇది. 2020లో ఆ సంస్థ దానికి కొత్త రూపం ఇచ్చినది.

కుటుంబం తెలుసుకొనవలసిన సంగతులు కూడా కొన్ని ఉన్నవి. నొప్పుల మొదటి దశలో గర్భిణి నడవవచ్చును, కూర్చొనవచ్చును. వెల్లకిలా పడుకొని ఉండనక్కరలేదు. మధ్యమధ్య మూత్రం పోయించవలెను. నిండిన మూత్రాశయం బిడ్డ దిగుటకు అడ్డు, దానికే గాయం కూడా. త్వరగా కానివ్వమని పొట్ట మీద చేతులతో నొక్కుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటున్నది. ప్రతి తల్లికీ యోని ముఖం కోయుట కూడా అవసరం లేదని చెప్తున్నది. నొప్పుల సూదిమందు ఇంటి వద్ద వేయించుట మహా ప్రమాదం. గర్భసంచి పగిలి ప్రాణం పోవచ్చును. తల్లి వెంట ఆమెకు నమ్మకమైన స్త్రీ ఒకరు ఉండుట మేలని అధ్యయనాలు తేల్చినవి. తెలుగు మాత్రమే బాగా వచ్చిన కోడలి వద్ద తమిళం తెలిసిన అత్తగారో, ఆడబిడ్డో ఉంటే, ఆమె చెప్పుకొనలేని బాధను వారు నర్సుకు చెప్పగలరు.

బాలింత దినాలు

తొలి కాన్పుకు పుట్టింటికి పంపుట మన ఆచారం. గుడియాత్తం కోడలు పలమనేరులోనో, చిత్తూరులోనో కని, మూడవ నెల తిరిగి వస్తుంది. ఆమె కాన్పు సంగతి పుట్టింటి ఆసుపత్రి కాగితాలలో ఉండిపోతుంది. ఆ కాగితాలు వెంట తెచ్చుకొనవలెను. ముక్కే దశ ఎన్ని గంటలు సాగినది, పరికరం వాడారా, చిరుగు ఎంతవరకు పోయినది, బిడ్డ బరువెంత అన్న నాలుగు సంగతులు వాటిలో ఉన్నవో లేవో ఇంటికి వెళ్ళేముందే అడిగి తెలుసుకొనవలెను.

బాలింతకు నలభై దినాల విశ్రాంతి ఇచ్చిన పెద్దల ఆచారం కటితలానికి ఎంతో మేలు చేసేది. కాని నీళ్ళు తక్కువగా ఇచ్చే పథ్యం మేలు చేయదు. దానివలన మలబద్ధకం కలిగి, ముక్కినప్పుడల్లా గాయపడిన కండరాల మీదనే భారం పడుతుంది. పాలిచ్చే తల్లికి నీళ్ళు ఎక్కువే కావలెను. నడుము చుట్టూ గుడ్డను మరీ బిగించి కట్టినా ఒత్తిడి కిందికే దిగుతుంది.

కాన్పు అయిన ఆరు గంటలలో మూత్రం రాకపోతే నర్సుకు తప్పక చెప్పవలెను. ఇంటికి వచ్చిన తరువాత మూత్రం ఆగకుండా కారుతుంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. తొలి దినాలలో గుర్తించిన చిన్న రంధ్రం మూత్రగొట్టం ఉంచినంత మాత్రాన మూసుకొనే అవకాశం ఉన్నది.

ఇక వ్యాయామం. 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కీగల్ దీనిని వైద్యలోకానికి పరిచయం చేశారు. అపానవాయువును ఆపుకొనేటప్పుడు ఏ కండరాలు లోనికి, పైకి బిగుస్తాయో వాటినే బిగించి, కొన్ని సెకన్లు నిలిపి, అంతే సేపు పూర్తిగా వదలవలెను. ఊపిరి బిగబట్టరాదు, పొట్ట, తొడలు బిగించరాదు. ఒక విడతకు ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు చేయవలెను. బిడ్డకు పాలిస్తూ చేయవచ్చును. బీడీలు చుడుతూ, మగ్గం వద్ద కూర్చొని చేయవచ్చును. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి అభ్యాసం చేయుట మంచిది కాదు. గర్భంతో ఉన్నప్పుడే మొదలుపెట్టినవారికి తరువాత మూత్రం జారే బాధ తగ్గుతుందని అనేక అధ్యయనాలు చూపినవి.

చెప్పుకొనుటకు మాటలు

ఈ బాధకు మందు లేక కాదు, మాట లేక స్త్రీలు బాధపడుతున్నారు. దగ్గితే, నవ్వితే చుక్కలు పడుతున్నవని, అడుగున బరువుగా ఏదో జారుతున్నట్లున్నదని, వాయువు ఆగడం లేదని, సంసారంలో నొప్పిగా ఉన్నదని భర్తకు సైతం చెప్పలేక గుడ్డ మడత పెట్టుకొని పనికి పోతున్నవారు ఉన్నారు. ఆసుపత్రిలో నడుము నొప్పి అని మాత్రం చెప్పి మాత్రలతో తిరిగి వస్తారు.

తమిళం బాగా రాని తల్లులు ఈ మాటలు గుర్తుంచుకొందురు గాక. మూత్రం జారడాన్ని ‘సిరునీర్ కసివు’ అంటారు. గర్భసంచి జారడాన్ని ‘కర్ప్పప్పై ఇరక్కం’ అనీ, వాడుకలో ‘అడి ఇరక్కం’ అనీ అంటారు. ఈ రెండు మాటలలో ఒకటి నోట వస్తే చాలు, నర్సు తరువాతి ప్రశ్నలు తానే అడుగుతారు.

చికిత్స ఉన్నది. తొలిదశలో వ్యాయామం చాలవరకు పనిచేస్తుంది. జారుడు ఎక్కువైనపుడు యోనిలో అమర్చే రింగు ఆసరా ఇస్తుంది. దానిని వేళకు తీసి శుభ్రపరచవలెను. అవసరమైతే సడలిన భాగాన్ని బిగించే శస్త్రచికిత్స చేస్తారు. గర్భసంచి తీయించుకొంటే అన్నీ తీరుతాయనుట సరికాదు. ఆసరా ఇచ్చే కణజాలాన్ని సరిచేయకుండా సంచి ఒక్కటి తీసివేస్తే తరువాత యోని గోడలు జారవచ్చును. ఎవరైనా తొందరపెడితే మరొక వైద్యుని అభిప్రాయం తీసుకొనుట తల్లి హక్కు.

ఊరి బాధ్యత

ఈ ఆరోగ్యం ఒక్క ఆసుపత్రి చేతిలో లేదు. గుడియాత్తంలో బీడీలు చుట్టే, నేతపని చేసే ఇండ్లలో, ఆంబూరు, వాణియంబాడి తోలు కర్మాగారాల పనివారి ఇండ్లలో కూలి ఆగితే పొయ్యి వెలుగదు. ఇంట కూర్చొని పనిచేసే తల్లికి ప్రసూతి సెలవు అనేది మాటకే గాని చేతికి రాదు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 18,000 రూపాయల ప్రసూతి సహాయం ఆ విశ్రాంతి కొరకే. గర్భం తెలిసిన వెంటనే గ్రామ లేక పట్టణ ఆరోగ్య నర్సు వద్ద నమోదు చేయించుకొన్నవారికే అది అందుతుంది. ఆ డబ్బు తల్లి తిండికీ విశ్రాంతికీ ఖర్చు కావలెను. ఇంటి అప్పుకు కాదు.

వీధి కుళాయిలో నీరు రాక నిండు బిందెలు మోసే బాలింతకు ఎన్ని వ్యాయామాలు చెప్పినా ఫలితం కొంతే. మూత్రం ఆపుకొనలేని స్త్రీకి బజారులో, బస్సు నిలయంలో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఆమె నీరు తాగుట మానుతుంది, లేదా ఇల్లు కదలుట మానుతుంది. కనుక కుళాయి, మరుగుదొడ్డి కూడా ప్రసూతి వైద్యంలో భాగాలే. వార్డు సభలో ఈ విషయాన్ని అడుగుటకు స్త్రీలు సిగ్గుపడనక్కరలేదు. వినుటకు పురుషులు సిగ్గుపడనక్కరలేదు.

చివరగా ఒక్క విన్నపం. కాన్పు అయిన ఆరవ వారం బిడ్డకు టీకా వేయించుటకు ప్రతి తల్లీ ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. ఆ రోజున బిడ్డ బరువు చూచిన తరువాత తల్లి మరొక్క నిమిషం నిలిచి, తనకు నొప్పులు ఎన్ని గంటలు సాగినవో, ఇప్పుడు తన ఒంట్లో ఎట్లున్నదో నర్సుకు చెప్పవలెను. వెంట వచ్చిన తల్లిగారో, అత్తగారో ఆమెను చెప్పనివ్వవలెను.